రొయ్యల మెయిల్ ఇచ్చిన అనుమతి

ఆఫీసులో నా కుర్చీ మూలన ఉండేది. ఎదురుగా గోడ, పక్కన కిటికీ, కిటికీ కింద విజయనగరం బజారు. డిగ్రీలో కంప్యూటర్స్ చదివి ఇంట్లో ఖాళీగా ఉన్న నాకు ఆ కుర్చీ దొరకడం అదృష్టమనే అనుకున్నాను. అక్కడ ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. చీరల కొట్లు, కోచింగ్ సెంటర్లు, పలాస జీడిపప్పు వ్యాపారులు, ఇలాంటి వాళ్ళ ప్రకటనలు జనం ఫోన్లలో కనిపించేలా చెయ్యడం మా ఆఫీసు పని. నేను పొద్దున్నే గరివిడిలో ప్యాసింజర్ ఎక్కి వచ్చి, ఒక్కొక్క వ్యాపారి ఖాతా ఆయనిచ్చిన పాస్‌వర్డ్‌తో తెరిచి, నిన్న ఆయన ప్రకటనను ఎంతమంది చూశారు, ఎంతమంది నొక్కారు అన్న అంకెలు చూసి ఒక షీటులోకి ఎక్కించేదాన్ని. మధ్యాహ్నం భోజనం దాకా అదే పని. అంకెలు ఎదురు ప్రశ్న వెయ్యవు. నీ పేరేమిటి, మీదే ఊరు, పెళ్ళయిందా అని అడగవు.

నా పక్కన కూర్చునే అక్కది దీనికి పూర్తిగా వేరే పని. ముక్కూమొహం తెలియని కొట్టువాళ్ళకు ఫోను చేసి మాకు ప్రకటన ఇమ్మని అడగడం. "ఏటి మావా, సేస్తాను సేస్తానని ఇన్నాళ్ళు ఊరించినావు, పండగెల్లిపోనాక ఇస్తావేటి?" అని మొదటిసారి మాట్లాడుతున్న మనిషిని కూడా పాత చుట్టంలా నిలదీసేది. అవతలివాళ్ళు నవ్వడం నాకు వినిపించేది. అది ఎలా వస్తుందో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు. నేను హోటల్లో నీళ్ళు కావాలన్నా అడగలేక దప్పికతో లేచి వచ్చే రకం. చెప్పాలనుకున్నవన్నీ ఇంటికెళ్ళాక డైరీలో రాసుకుంటాను.

అక్క కాన్పుకి పుట్టింటికి వెళ్ళే రోజులు దగ్గరపడ్డాయి. ఒకరోజు సార్ తన కుర్చీ నా బల్ల దాకా లాక్కుని వచ్చారు.

"ఇదిగో అమ్మా, ఈ అంకెలు నువ్వు ఎక్కించకండా వాటంతటవే షీటులోకి వచ్చేస్తాయట. ఏపీఐ అంటారట. దానికి క్లౌడులో ఏదో ప్రాజెక్టు కట్టాలట. వైజాగులో అందరూ అదే వాడతన్నారు. నువ్వు సదూకున్నదానివి, నువ్వే సెయ్యాల."

నేను తలూపాను.

"అక్క ఎల్లేలోగా అయిపోతే సరి. అవలేదనుకో, ఎవులైనా ఈ పని వచ్చినవోళ్ళని తెచ్చి ఈ మూల కూకోబెడతాను. నువ్వు అక్క ఫోను పట్టుకుందువు గాని."

అక్క ఫోను కిందపెట్టి నవ్వింది. "ఇదా? ఇది ఫోను పట్టుకుంటే అవతలోడు లైను పోయిందనుకుంటాడు సార్."

మూల కుర్చీ కావాలంటే ఏపీఐ రావాలి. నాకు తెలిసింది అంతే.

దానికి సంబంధించిన సూచనలన్నీ ఆ ప్రకటనల కంపెనీ వాళ్ళ సైటులో ఉన్నాయి. పుస్తకాలు చదివే అలవాటుంది కాబట్టి దాన్నీ మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. అదే తప్పేమో. కథ అయితే ఒక పేజీ తర్వాత ఇంకో పేజీ వస్తుంది. ఇక్కడ ప్రతి వాక్యంలోనూ ఒక నీలం మాట ఉంటుంది, దాన్ని నొక్కితే ఇంకో పేజీ, అక్కడ ఇంకో నీలం మాట. ఎక్కడ బయలుదేరానో మరిచిపోయేదాన్ని. ప్రాజెక్టు అంటే నాకు తెలిసింది డిగ్రీ ఆఖర్లో స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చేది. ఇక్కడ ప్రాజెక్టు అంటే ఖాళీ గదిలాంటిదని, ముందు గది తీసుకుంటే తర్వాత అందులోకి కావలసినవి తెచ్చుకోవచ్చని కొంత కొంత అర్థమైంది.

ప్రాజెక్టు పేరు "శ్రీ"తో మొదలవ్వాలన్నారు సార్. పేరు టైపు చేసి బటను నొక్కబోతుంటే, "ఆగాగు, రాహుకాలం" అన్నారు. బాణం గుర్తు బటను మీద ఉంచి కూర్చున్నాను. రాహుకాలం పోయేసరికి స్క్రీను నన్ను బయటికి పంపేసింది, మళ్ళీ లోపలికి రావాలంది.

పాస్‌వర్డ్ ఇచ్చాను. అప్పుడు స్క్రీను మీద ఒక పెద్ద అంకె వచ్చింది. ఇదే అంకెను మీ ఫోనులో నొక్కండి అంది. నా ఫోనులో ఏమీ రాలేదు. సార్ ఫోనులోనూ రాలేదు.

"ఓ, ఇది రొయ్యల మెయిలు కదా! మా బావ ఫోనుకొస్తాది," అన్నారు సార్ తాపీగా.

అప్పుడు తెలిసింది. సార్ జీవితంలో మొట్టమొదట వేసిన ప్రకటన భావనపాడులో ఉండే తన బావ ఎండు రొయ్యలకి. ఆ రొయ్యల కోసం బావ ఫోను నంబరుతో ఒక మెయిల్ తెరిచారు. తర్వాత ఒక చీరల కొట్టు వచ్చింది, ఒక కోచింగ్ సెంటర్ వచ్చింది, జీడిపప్పు వచ్చింది. అన్నీ ఆ మెయిల్ కిందే పెరిగాయి. ఇప్పుడు అందరి ఖాతాలకూ పైన ఉన్న పెద్ద ఖాతాకి యజమాని రొయ్యల మెయిలే.

"మార్సుకోవచ్చు గానమ్మా, కదిపితే ఏటి ఊడిపోద్దో అని ముట్టుకోలేదు. అయినా బావ దగ్గరుంటే మన దగ్గరున్నట్టే కదేటి."

"ఆయనకి ఫోను చెయ్యండి సార్," అన్నాను.

"ఇప్పుడు ఏటకి ఎల్లుంటాడు. సముద్రంలో సిగ్నలుండదు."

అలా నా పని ఒక చేపల పడవ రాకపోకల మీద ఆధారపడింది. ఈ గొడవ తప్పించుకుందామని ఆఫీసుకి ఉన్న మరో మెయిల్‌తో ప్రాజెక్టు తెరిచాను. దానికి ఎవరి ఫోనూ అక్కర్లేదు. తెలివైన పని చేశాననుకున్నాను.

తర్వాత వచ్చింది అనుమతి అడిగే పేజీ. మీ యాప్ పేరేమిటి అని అడిగింది. మాకు యాప్ లేదు. ఉన్నది ఒక షీటు, ఆ కంపెనీ సైటులోనే నమూనాగా ఇచ్చిన కొంచెం కోడు. అయినా యాప్ పేరు ఇవ్వకపోతే ముందుకు పోనివ్వదు. వాడేవాళ్ళు లోపలివాళ్ళా, బయటివాళ్ళా అని అడిగింది. నేను రోజూ ఆఫీసు లోపలే కూర్చుంటాను కాబట్టి లోపలివాళ్ళు అని పెట్టబోతే ఆ బటను నొక్కుడు పడలేదు. మాలాంటి చిన్నవాళ్ళు అందరూ బయటివాళ్ళేనట. సరేనని బయటివాళ్ళు అని పెట్టాను. ప్రతి పేజీలోనూ మా గురించి నాకే తెలియనిది ఏదో ఒకటి చెప్పాల్సి వచ్చేది.

మొత్తానికి మాకు కావలసినవి నాలుగని తేలింది. మేము ఎవరమో చెప్పే గుర్తు ఒకటి. ఆ గుర్తు మాదేనని రుజువు చేసే రహస్యపు అక్షరాల వరస ఒకటి. ప్రకటనల ఖాతా వైపు నుంచి వచ్చే టోకెన్ ఒకటి. ఖాతా యజమాని సరేనన్నాడని చెప్పే టోకెన్ ఇంకొకటి. అన్నింటినీ తాళం చెవులు అనుకోమని ఎవరో ఒక వీడియోలో చెప్పారు. అయితే తలుపు ఒకటే కదా, ఇన్ని చెవులెందుకని నాకు సందేహం. ఎవరిని అడగాలో తెలియలేదు.

మొదటి రెండూ ఒకేసారి వచ్చాయి. స్క్రీను మధ్యలో చిన్న పెట్టె తెరుచుకుని పొడవాటి అక్షరాలు కనిపించాయి. "వచ్చాయి సార్," అన్నాను.

సార్ లేచి వచ్చి చూశారు. ఆయన మొహం వెలిగిపోయింది. మా ఆఫీసులోకి కొత్తది ఏది వచ్చినా పూజ జరగాల్సిందే. ప్రింటరుకి జరిగింది, ఇన్వర్టరుకి జరిగింది. ఆయన గోడ మీది వినాయకుడి పటం దగ్గర నుంచి కుంకుమ తెచ్చి ల్యాప్‌టాపు మూల బొట్టు పెట్టారు. ముందు నిమ్మకాయ పెట్టి అగరొత్తి వెలిగించారు. దణ్ణం పెట్టుకుని ఫోటో తీసుకున్నారు. నేనూ దణ్ణం పెట్టుకున్నాను, కుర్చీ కోసం.

సాయంత్రం రైల్లో, నెల్లిమర్ల దాటాక, ఊరికే ఫోను తెరిచి చూస్తే సార్ స్టేటస్‌లో ఆ ఫోటో ఉంది. బొట్టు, నిమ్మకాయ, పొగ. కింద "కొత్త ప్రయాణం. మీ అందరి ఆశీస్సులు కావాలి" అని రాశారు. వేళ్ళతో పెద్దది చేసి చూశాను. రహస్యపు అక్షరాలు ఒక్కొక్కటీ ముత్యాల్లా కనిపిస్తున్నాయి.

దీన్ని ఎవరికీ చూపించకూడదని సైటులో ఎన్ని చోట్ల రాశారో. చూస్తే ఏమవుతుందో మాత్రం నాకు స్పష్టంగా తెలియదు. ఎవరో మా పేరు పెట్టుకుని వెళ్ళి ఏదో అడుగుతారు, వాళ్ళు ఇస్తారు, అంతవరకే ఊహించగలిగాను. మెసేజి రాయబోయి చెరిపేశాను. మళ్ళీ రాశాను, చెరిపాను. సార్‌కి అంతవరకు నేను ఎప్పుడూ ఫోను చెయ్యలేదు. చివరికి చేశాను.

"సార్... ఫోటో..."

"సూసినావా? బాగొచ్చింది కదా?"

"బాగొచ్చింది సార్. అదే... అక్షరాలు కనిపిస్తున్నాయి."

"కనిపించాలనే కదమ్మా తీసినాను!"

"అవి ఎవరూ చూడకూడదు సార్."

"మనోళ్ళే కదేటి సూసింది. మా మేనత్త సూసింది, పలాస జీడిపప్పాయన శుభం అని పెట్టినాడు..."

"తీసెయ్యండి సార్!"

రైలు చప్పుడుకి గట్టిగా అన్నానో, భయానికి అన్నానో. ఎదురుగా గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలామె ఉలిక్కిపడి, ఏదో తనని తీసెయ్యమన్నాననుకుని గంప కిందికి దించింది. కాదమ్మా అని ఆమెకు చెప్పడానికి మళ్ళీ నోరు రాలేదు.

మర్నాడు పాత రహస్యాన్ని రద్దు చేసి కొత్తది పుట్టించాను. ఈసారి పూజ లేదు. సార్ అక్కతో, "ఈ పిల్ల నిన్న నాకు ఆర్డరేసిందమ్మా," అన్నారు. "ఓలమ్మో, దీనికి నోరున్నాదేటి!" అంది అక్క.

మూడోది, అంటే ప్రకటనల ఖాతా టోకెన్, రొయ్యల మెయిల్ పెద్ద ఖాతాలో ఉంది. బావ ఒడ్డుకు వచ్చిన రోజు సార్ ఆయన చేత అంకె నొక్కించి, తన ఫోనులో ఖాతా తెరిచి దాన్ని నాకు ఇచ్చారు. కానీ అది ఉత్తుత్తి ఖాతాలకే పనిచేస్తుందట. నిజం ఖాతాలు చూడాలంటే మేము ఎవరం, ఈ అంకెలతో ఏం చేస్తాం అని దరఖాస్తు రాయాలి. రోజూ పొద్దున్నే ఒక మనిషి చేతితో ఎక్కించే అంకెలను ఇకమీదట యంత్రం ఎక్కిస్తుంది అని ఇంగ్లీషులో రాశాను. అది తప్ప చెప్పడానికి ఏమీ లేదు. కొన్నాళ్ళకు సరేనని జవాబు వచ్చింది. ఎందుకు సరేనన్నారో తెలియదు.

మిగిలింది యజమాని అనుమతి. ఆ పేజీ తెరవగానే ఈ యాప్‌ను మేము పరిశీలించలేదు అని పెద్ద హెచ్చరిక వచ్చింది. కింద, సురక్షితంగా వెనక్కి వెళ్ళండి అని ఒక బటను. వెనక్కి వెళ్ళాను. మళ్ళీ వచ్చాను, మళ్ళీ అదే హెచ్చరిక, మళ్ళీ వెనక్కి వెళ్ళాను. అది నా యాప్ గురించే చెబుతోందని, నన్ను నా నుంచే కాపాడుతోందని తెలుసుకోవడానికి ఒక పూట పట్టింది. ధైర్యం చేసి ముందుకు పోతే, ఈ మెయిల్‌కి ఏ ప్రకటనల ఖాతా మీదా హక్కు లేదు అంది.

అప్పుడు కొంచెం తెలిసింది. ప్రాజెక్టు ఆఫీసు మెయిల్‌ది. ఖాతాలు రొయ్యల మెయిల్‌వి. అడిగేవాళ్ళు వేరు, ఇచ్చేవాళ్ళు వేరు. నేను ఇన్నాళ్ళూ అడిగేవాళ్ళ చేతే ఇప్పించాలని చూస్తున్నాను. రొయ్యల మెయిల్‌ని మా యాప్‌ను పరీక్షించేవాళ్ళ జాబితాలో చేర్చి, మళ్ళీ మొదలుపెట్టాను. స్క్రీను మీద పెద్ద అంకె వచ్చింది.

సార్ బొబ్బిలి వెళ్ళారు. అక్క ఫోన్లో ఉంది. నేనే చెయ్యాలి.

"ఎవులమ్మా?" గాలి హోరులోంచి ఒక గొంతు.

"నేను... ఆఫీసు నుంచి సార్. మీ ఫోనులో అంకెలు వస్తాయి, నలభై ఏడు నొక్కాలి సార్."

"సారేటమ్మా? ఈ ఒడ్డున నన్నెవులైనా సారంటే సేపలు కూడా నవ్వుతాయి. మావా అను."

నా నోట ఆ మాట రాలేదు. "నలభై ఏడు," అన్నాను మళ్ళీ.

"నొక్కతన్నాను, పట్టట్లేదు. తడి సెయ్యి కదా. ఉండు, లుంగీకి తుడుసుకోనీ. ఆఁ... ఇప్పుడు నొక్కినాను. ఇంతకీ దేనికిది?"

దేనికో చెప్పడానికి ప్రయత్నించాను. "మీ మెయిల్ సరే అంటే మా షీటులోకి అంకెలు వస్తాయండి."

"సరే అన్నాను కదా. రానీ."

వచ్చాయి. షీటులో గళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే నిండాయి. నేను ఒక పూటంతా చేసే పని కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోయింది. సార్ బొబ్బిలి నుంచి వచ్చి చూసి చప్పట్లు కొట్టారు.

"అబ్బ! పని కలిసొచ్చింది. ఇంక పొద్దున్నంతా నీకు కాళీయే కదా! అక్క ఎల్లేక ఆ ఫోను నువ్వే సూసుకో తల్లీ. వేరే మనిషి కూడా అక్కర్లేదు."

ఆయన నిజంగా సంతోషంగా అన్నారు, నాకు బహుమానం ఇస్తున్నట్టు. చెయ్యకపోతే ఫోను అన్నారు. చేస్తే ఏమిటో ఆయన అనలేదు, నేనూ అడగలేదు. నా కుర్చీని నా చేతులతోనే తీసి అవతల పెట్టానా? ఆ రాత్రి డైరీలో సగం వాక్యం రాసి ఆపేశాను. అది ఎలా పూర్తవుతుందో తెలియలేదు.

ఒక వారం గడిచింది. ఒక పొద్దున్న చూస్తే షీటు ఖాళీ. అనుమతి చెల్లదు అని ఎర్రగా ఒక వరస మాత్రం ఉంది.

"దిష్టే. పలాసాయన శుభం అన్నప్పుడే అనుకున్నాను," అన్నారు సార్.

నాకు తెలియకుండానే నవ్వు వచ్చింది. ఆ రోజు పాత పద్ధతిలో అంకెలు చేత్తో ఎక్కించాను. ఎంత హాయిగా ఉందో. మధ్యాహ్నం సైటు తెరిచి వెతికితే కారణం దొరికింది. మా యాప్ ఇంకా పరీక్షలో ఉందట. పరీక్షలో ఉన్నంతకాలం యజమాని ఇచ్చిన అనుమతి వారమే చెల్లుతుంది. ప్రచురించు అన్న బటను నొక్కి, ఇంకోసారి అనుమతి తీసుకుంటే అలా ఆగిపోదు.

నొక్కకపోతే? ప్రతి వారం ఆగుతుంది. ప్రతి వారం ఎవరో ఒకరు కూర్చుని మళ్ళీ కలపాలి. ఇది మా ఆఫీసులో నాకు తప్ప ఎవరికీ రాదు. ఈ సంగతి చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా. కుర్చీకి అంతకన్నా ఏం కావాలి? కానీ దాన్ని కుర్చీ అనాలా, మరేమైనా అనాలా? ఎటూ తేల్చుకోలేక, రేపు పొద్దున్న మళ్ళీ అనుమతి తీసుకుంటానని మాత్రం సార్‌తో అన్నాను. మర్నాడు మధ్యాహ్నం దాకా నాన్చి, ముందు అనుమతి సంగతి చూద్దామని భావనపాడుకు ఫోను చేశాను.

"మళ్ళీ నొక్కాలేటి?" అన్నాడాయన. ఈసారి గాలి హోరు లేదు. "నిన్న మీ సార్ సెప్పినాడు, పొద్దున్న ఫోను సేస్తావని. అందుకే ఏటకెల్లలేదు. మనోళ్ళ పడవలన్నీ ఎల్లిపోనాయి. నాను ఒడ్డున కూకున్నాను, నీ అంకె కోసం."

"పొద్దున్నించీనా?"

"మరేటి? సముద్రంలో సిగ్నలుండదు కదా. వారం వారం ఇంతేనేటమ్మా? అయితే సెప్పు, ఆ రోజు వల బాగుసేసుకునే పని ఎట్టుకుంటాను."

కోపంగా అనలేదు. నిజంగానే ఏర్పాటు చేసుకుందామని అడుగుతున్నాడు. నా మూల కుర్చీ కోసం ఒక పడవ ప్రతి వారం ఇసకలో ఉండిపోవడం నా కళ్ళముందు కనిపించింది.

"లేదు... మావా. ఇదే ఆఖరు. ఒక్క నిమిషం ఉండండి," అన్నాను.

ప్రచురించు నొక్కాను. నిజంగానా అని ఇంకోసారి అడిగింది. అవునన్నాను. పెద్ద అంకె వచ్చింది, చదివి వినిపించాను, ఆయన నొక్కాడు. షీటు నిండింది. మంచి పనే చేశానో, తెలివితక్కువ పని చేశానో, రెండూ ఒకటేనో, అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

అక్క వెళ్ళే రోజున నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టింది. "మొదటిది నాను కలిపి ఇస్తాను, ఆపైన నీ ఇష్టం," అని చీపురుపల్లిలో ఒక చెప్పుల కొట్టుకి ఫోను కలిపి నా చెవికి ఆనించింది. అవతల మోగింది. ఎవరో పెద్దాయన ఎత్తారు.

"ఎవులండీ?"

అక్క నా భుజం పొడిచింది.

"ఏటి మాటాడరేటి? సిగ్నల్ లేదా?"

"ఉందండి," అన్నాను. "సిగ్నల్ ఉంది. నేనే... ఏం మాట్లాడాలో ఆలోచిస్తున్నాను."

అక్క నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఆలోసించమ్మా," అన్నాడు ఆ పెద్దాయన. "కొట్లో బేరాల్లేవు. నానూ కాళీయే."